సేవా సంస్థలో వేసవి ఇంటర్న్‌షిప్: డబ్బు ఎవరి చేతి మీదుగా రావాలి?

అమెరికా కాలేజీల్లో చాలావరకు మే నెలలో పరీక్షలు ముగుస్తాయి. మళ్లీ క్లాసులు మొదలయ్యేది ఆగస్టు చివర్లో. ఈ మధ్యలో పది వారాలు, తన కాలేజీ ఉన్న ఊళ్లోనే ఒక చిన్న సేవా సంస్థలో పని చేయాలని ఒక విద్యార్థినికి ఉందనుకుందాం. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న కుటుంబాలకు ఆ సంస్థ సాయం చేస్తుంది. కోర్టుకు ఇవ్వాల్సిన కాగితాలు నింపించడం, వాయిదాకు ముందురోజు ఫోన్ చేసి గుర్తు చేయడం, స్పానిష్ తప్ప మరో భాష రానివారి మాటను లాయర్‌కు చేరవేయడం దాని పని. ఆ అమ్మాయికి స్పానిష్ బాగా వచ్చు. సంస్థకు సరిగ్గా అలాంటి మనిషే కావాలి. రెండు వైపులా ఇష్టం ఉంది. జీతం ఇచ్చే స్థోమత మాత్రం సంస్థకు లేదు.

ఆ అమ్మాయి కాగితం తీసుకుని లెక్క వేసుకుంటుంది. సెమిస్టర్ అయిపోగానే హాస్టల్ ఖాళీ చేయాలి కాబట్టి బయట గది చూసుకోవాలి. రెండున్నర నెలలకు 2,000 డాలర్లు. తిండికి 800. బస్సు పాసుకు 200. అక్కడికే 3,000 అయింది. కాలేజీ పంపిన ఆర్థిక సాయం పత్రంలో ఇంకో వరుస ఉంది: వేసవిలో తాను సంపాదించి తేవాల్సిన వాటా. అది ఇంకో 2,000 అనుకుంటే మొత్తం 5,000. ఇవి ఊహించి వేసిన అంకెలే. ఊరిని బట్టి, కాలేజీని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం ఎక్కడైనా ఇంతే. జీతం లేకుండా పని చేస్తే ఆమె ఐదు వేల డాలర్ల లోటుతో కొత్త విద్యా సంవత్సరంలో అడుగుపెడుతుంది. అదే పది వారాలు ఏ దుకాణంలోనో గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 40 గంటలు చేస్తే పన్నులు పోకముందు 6,000 చేతికొస్తాయి.

ఇంత లెక్క కళ్లముందు కనబడ్డాక ఎంత ఆశయం ఉన్నవారైనా దుకాణం వైపే నడుస్తారు. అది వారి తప్పు కాదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవారు సేవా సంస్థలో చేరతారు. అద్దె నోటీసు అంటే ఏమిటో సొంత ఇంట్లో చూసి పెరిగిన అమ్మాయి ఆ సంస్థ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. సంస్థ ఎవరి కోసం పని చేస్తుందో వారి పిల్లలే అందులో పని నేర్చుకోలేకపోవడం ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

ఈ లోటు పూడ్చడానికి అమెరికాలో రకరకాల నిధులు ఉన్నాయి. మాట్లాడేటప్పుడు అందరూ వాటిని ఒకే గాటన కట్టేసి, ఎంత వస్తుందని మాత్రమే అడుగుతారు. ఎవరి చేతి మీదుగా వస్తుందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. డబ్బు ఎవరి చేతిలో పడితే ఎంపిక వారిది. కాలేజీ చేతిలో ఉంటే ఒక రకం విద్యార్థులకు, సంస్థ చేతిలో ఉంటే ఇంకో రకం వారికి, ప్రభుత్వం చేతి మీదుగా వస్తే మరో రకం వారికి దారి తెరుచుకుంటుంది.

చట్టం ఒప్పుకుంటుంది, బడ్జెట్ ఒప్పుకోదు

ముందుగా, సేవా సంస్థలు జీతం ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం కాదా అన్న సందేహం చాలామందికి వస్తుంది. కనీస వేతనానికి పునాది 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుంచి అది పెరగలేదు. చాలా రాష్ట్రాలు తమ సొంత రేటును అంతకన్నా ఎక్కువగా పెట్టుకున్నాయి. లాభం కోసం నడిచే కంపెనీలు ఇంటర్న్‌లను ఉచితంగా వాడుకోవడం మీద కోర్టుల్లో పెద్ద పోరాటమే జరిగింది. ఒక సినిమా నిర్మాణంలో జీతం లేకుండా పని చేసిన ఇంటర్న్‌లు ఫాక్స్ సెర్చ్‌లైట్ అనే సినిమా కంపెనీ మీద వేసిన కేసులో 2015లో సెకండ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక కొలబద్ద ఇచ్చింది. ఆ ఏర్పాటువల్ల అసలు మేలు ఇంటర్న్‌కు జరుగుతోందా, కంపెనీకి జరుగుతోందా అని ఏడు అంశాల మీద తూచి చూడాలని చెప్పింది. 2018 జనవరిలో కార్మిక శాఖ కూడా అదే కొలబద్దను తీసుకుంది.

అయితే ఆ చర్చంతా ప్రధానంగా కంపెనీల గురించి. ధార్మిక, సేవా పనుల కోసం నడిచే లాభాపేక్ష లేని సంస్థలో, ప్రతిఫలం ఆశించకుండా స్వచ్ఛందంగా చేసే ఇంటర్న్‌షిప్‌కు జీతం లేకపోయినా సాధారణంగా అభ్యంతరం లేదని కార్మిక శాఖే చెబుతుంది. కాబట్టి ఈ రంగంలో జీతం ఇప్పించే బెత్తం చట్టం చేతిలో లేదు.

ఇవ్వాలన్న మనసు చాలా సంస్థలకు ఉంటుంది. చిక్కు వాటి డబ్బు తీరులో ఉంది. చిన్న సంస్థకు వచ్చే గ్రాంటు చాలాసార్లు ఫలానా పనికే అని ముద్ర వేసుకుని వస్తుంది. ఇన్ని కుటుంబాలకు సరుకులు, ఇంతమంది పిల్లలకు ట్యూషన్ అని. ఆ పని వెనుక ఉండే ఆఫీసు అద్దె, అకౌంట్లు, శిక్షణ వంటి ఖర్చులకు దాతలు మిగిల్చేది కొంచెమే. ఫెడరల్ గ్రాంట్లలో, విడిగా రేటు మాట్లాడుకోని సంస్థలు ఇలాంటి పరోక్ష ఖర్చుల కింద తీసుకోగలిగింది ఏళ్ల తరబడి 10 శాతమే. 2024 అక్టోబరు నుంచి దాన్ని 15 శాతానికి పెంచారు. కుటుంబాల సంఖ్యలో, పిల్లల సంఖ్యలో ఇంటర్న్ జీతం కనబడదు కాబట్టి కోత పడేది ముందు అక్కడే.

వైట్‌హౌస్‌లోనే 2022 శరదృతువు వరకు ఇంటర్న్‌లకు జీతం లేదు. అంత పెద్ద చోటే అన్నేళ్లు పట్టిందంటే, ముగ్గురు ఉద్యోగులతో నడిచే ఒక ఫుడ్ బ్యాంకును తప్పుపట్టి లాభం లేదు.

కాలేజీ ఇచ్చే డబ్బు

మొదటి దారి కాలేజీ గ్రాంటు. పూర్వ విద్యార్థులు, దాతలు ఇచ్చిన నిధి మీద వచ్చే ఆదాయంతో కాలేజీ నేరుగా విద్యార్థికి స్టైపెండ్ ఇస్తుంది. ప్రిన్స్‌టన్‌లో 1969 బ్యాచ్ పూర్వ విద్యార్థులు మొదలుపెట్టిన పౌరసేవా ఇంటర్న్‌షిప్ పథకం ఇలాంటిదే. స్టాన్‌ఫర్డ్‌లో 1985లో మొదలై తర్వాత హాస్ సెంటర్‌గా పేరు మారిన ప్రజాసేవా కేంద్రం వేసవి ఫెలోషిప్‌లు ఇస్తుంది. వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీలో 1997లో పుట్టిన షెపర్డ్ కార్యక్రమం పేదరికం మీద చదువును, ఎనిమిది వారాల వేసవి పనిని కలిపి నడిపింది. తర్వాత దాని చుట్టూ చాలా కాలేజీలు చేరి ఒక కన్సార్టియంగా ఏర్పడ్డాయి.

ఈ దారిలో ఉన్న గొప్ప సుగుణం, డబ్బు విద్యార్థి జేబులో ఉండి ఆమెతోపాటు నడుస్తుంది. పేరు బోర్డు కూడా సరిగా లేని చిన్న సంస్థకైనా వెళ్లవచ్చు. ఆ సంస్థ గ్రాంటు దరఖాస్తు రాయనక్కర్లేదు, పేరోల్ నడపనక్కర్లేదు. అందుకే నిజంగా చిన్న సంస్థలకు ఇంటర్న్‌లు చేరేది ఎక్కువగా ఈ దారిలోనే.

లోపం కూడా అంతే పెద్దది. నిధి ఉన్న కాలేజీలో చదివేవారికే ఈ భాగ్యం. పెద్ద నిధి ఉన్న యూనివర్సిటీ విద్యార్థి ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలోని సంస్థకు స్టైపెండ్‌తో వస్తాడు. ఆ సంస్థకు రెండు వీధుల అవతల కమ్యూనిటీ కాలేజీలో (స్థానికులు తక్కువ ఫీజుతో చదివే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చదువుతూ, ఆ పేటలోనే పుట్టి పెరిగిన అమ్మాయికి అలాంటి నిధి ఉండదు. వచ్చినవాడు చెడ్డవాడేం కాదు. కానీ వేసవి అయ్యాక అతను వెళ్లిపోతాడు. ఈ అమ్మాయి అక్కడే ఉంటుంది. సంస్థకు రాబోయే ఉద్యోగి, వాలంటీరు, బోర్డు సభ్యురాలు ఆమెలో ఉండవచ్చు.

ఇంకో ముడి ఉంది, నిధి ఉన్న కాలేజీల్లోనూ. స్టైపెండ్ కావాలంటే సంస్థ నుంచి ఆఫర్ లెటర్ తెమ్మని కాలేజీ అడుగుతుంది. నీకు స్టైపెండ్ వస్తుందో లేదో తేలాకే లెటర్ ఇస్తామని సంస్థ అంటుంది. కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు ఆ విద్యార్థి ఫిబ్రవరి, మార్చి నెలలంతా ఇద్దరి మధ్య తిరుగుతుంది. పెద్ద కంపెనీలు వేసవి ఇంటర్న్‌లను అంతకుముందు శరదృతువులోనే తీసేసుకుంటాయి. చేతిలో ఉన్న కంపెనీ ఆఫర్‌ను ఏప్రిల్ దాకా పట్టుకుని కూర్చునే వీలు ఎవరికుంటుంది? షరతు మీద ఆఫర్ లెటర్‌ను, అంటే "నిధి వస్తే తీసుకుంటాం" అన్న ఒక్క పేరా ఉత్తరాన్ని, కాలేజీ ఒప్పుకుంటే ఈ ముడి విడిపోతుంది. దీనికి ఒక్క డాలరు ఖర్చు లేదు. అయినా చాలా చోట్ల దరఖాస్తు ఫారంలో ఆ వీలు పెట్టరు.

వేసవి సంపాదన వాటా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్టైపెండ్ ఇచ్చే కాలేజీయే ఇంకో చేత్తో ఆ వాటా అడిగితే, ఇచ్చిన దాంట్లో పెద్ద భాగం వెనక్కి లాక్కున్నట్టే. పై లెక్కలోని అమ్మాయికి 3,000 డాలర్ల స్టైపెండ్ వస్తే గదికి, తిండికి, బస్సుకు సరిపోయింది. కట్టాల్సిన 2,000 అలాగే ఉంది. ప్రిన్స్‌టన్ 2022లో తన ఆర్థిక సాయాన్ని విస్తరిస్తూ, విద్యార్థులు వేసవి పొదుపు నుంచి, క్యాంపస్ పని నుంచి తేవాలని అప్పటిదాకా లెక్కలో వేసిన 3,500 డాలర్ల వాటాను ఎత్తేసింది. అంత డబ్బు లేని కాలేజీలు అందరికీ ఎత్తేయలేకపోవచ్చు. సేవా సంస్థలో వేసవి గడిపినవారికి మాత్రమైనా ఆ ఏడాది మాఫీ చేయడం కొత్త స్టైపెండ్ పథకం పెట్టడం కన్నా సులువు. విద్యార్థికి దక్కే ఫలితం ఒక్కటే.

సంస్థకు ఇచ్చే డబ్బు

రెండో దారిలో దాత గానీ స్థానిక ప్రభుత్వం గానీ డబ్బును సంస్థకు ఇస్తుంది. సంస్థ ఇంటర్న్‌ను ఉద్యోగిగా పెట్టుకుని జీతం ఇస్తుంది. దీనికి లాస్ ఏంజెలెస్ మంచి ఉదాహరణ. 1992లో ఆ నగరం అల్లర్లతో అట్టుడికిపోయాక, మరుసటి ఏడాది గెట్టీ ఫౌండేషన్ ఒక పథకం పెట్టింది. మ్యూజియంలు, దృశ్యకళల సంస్థల్లో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థులకు వేసవిలో జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు ఇప్పించడం దాని పని. ఇప్పుడు దాన్ని గెట్టీ మారో ఇంటర్న్‌షిప్‌లు అంటున్నారు. 3,000 మందికి పైగా విద్యార్థులు ఆ దారిలో వచ్చారు. 2000లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రభుత్వం దానికి జోడీగా తన సొంత కళల ఇంటర్న్‌షిప్ పథకం పెట్టింది. నాటకం, సంగీతం, సాహిత్యం వంటి రంగాల సంస్థలను అది చూసుకుంటుంది. పది వారాలు, 400 గంటలు, జీతం.

ఇక్కడ ఏ కాలేజీలో చదువుతున్నావన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ఆ కౌంటీలో ఉండేవారు లేదా చదివేవారు, కమ్యూనిటీ కాలేజీ వారితో సహా, ఒకే వరుసలో నిలబడతారు. విద్యార్థి నిధి వెతుక్కోవాల్సిన పని లేదు. మామూలు ఉద్యోగ ప్రకటన చూసి దరఖాస్తు చేస్తుంది, అంతే. డబ్బు సంగతి ఆమె రాకముందే తేలిపోయి ఉంటుంది. పేద ఇంటి విద్యార్థి కోణం నుంచి చూస్తే దీన్ని మించిన దారి లేదు. గ్రాంటు వస్తుందో రాదో అన్న టెన్షన్‌ను ఆమె నెత్తిన పెట్టకుండా సంస్థ, దాత మోస్తున్నాయి.

గ్రాంటుకు దరఖాస్తు రాయగల సంస్థలకే ఈ దారి అందుతుంది. అది దీని బలహీనత. పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) హోదా, ఆడిట్ చేసిన లెక్కలు, పేరోల్ వ్యవస్థ, రిపోర్టు రాసే మనిషి, ఇవన్నీ ఉన్నవారికే నిధి వస్తుంది. చర్చి భూగర్భ గదిలో నడిచే ట్యూషన్ కేంద్రానికి ఇవేవీ ఉండవు. దీనికి విరుగుడు తెలిసినదే. ఊళ్లో ఒక పెద్ద సంస్థ జీతం చెల్లించే యజమానిగా ఉండి, ఇంటర్న్‌ను చిన్న సంస్థలో పనికి పంపడం. పేరోల్, బీమా, పన్నుల కాగితాలు పెద్ద సంస్థ చూసుకుంటుంది, పని చిన్న సంస్థ చెబుతుంది. ఏ ఊళ్లోనైనా దాతల నిధులను చూసుకునే కమ్యూనిటీ ఫౌండేషన్ గానీ కాలేజీ గానీ ఈ బరువు మోయవచ్చు.

వర్క్-స్టడీ, వాడనివారి నష్టం

మూడో దారి ఫెడరల్ వర్క్-స్టడీ, అంటే విద్యార్థి చేసే పనికి జీతంలో పెద్ద వాటా ఫెడరల్ ప్రభుత్వం భరించే పథకం. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా పెద్దది, వేసవి ఇంటర్న్‌షిప్‌ల విషయంలో అన్నిటికన్నా తక్కువగా గుర్తొచ్చేదీ ఇదే. పేదరికం మీద యుద్ధం ప్రకటించిన రోజుల్లో, 1964 ఆగస్టులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఎకనామిక్ ఆపర్చునిటీ యాక్ట్‌లో ఇది పుట్టింది. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి కాంగ్రెస్ ఇస్తున్నది సుమారు 120 కోట్ల డాలర్లు. ఆర్థిక అవసరం ఉన్న విద్యార్థి పని చేస్తే జీతంలో మామూలుగా 75 శాతం వరకు ఫెడరల్ వాటా, మిగతాది కాలేజీ లేదా పని ఇచ్చినవారు భరిస్తారు. కొన్ని షరతుల మీద సేవా సంస్థల పనికి ఈ వాటా 90 శాతం దాకా వెళ్తుంది. పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే ట్యూటర్లకైతే నూరు శాతం వరకు ఇవ్వవచ్చు.

గంటకు 15 డాలర్ల జీతమనుకుంటే, 75 శాతం వాటా మీద సంస్థ చేతి నుంచి పడేది 3.75 డాలర్లు. పది వారాలు, 400 గంటలకు లెక్క వేస్తే 1,500 డాలర్లు. 90 శాతం మీద అయితే 600. ఆరు వందల డాలర్లకు పది వారాల పూర్తికాలం మనిషి! ఈ అంకె చాలా చిన్న సంస్థల వరకు చేరనే చేరదు. సంస్థే యజమాని అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో తన వంతు 7.65 శాతం కూడా జీతం మీద కట్టాలి. అది కలుపుకున్నా భారం మోయదగ్గదే.

ఈ నిధుల్లో కనీసం 7 శాతం సమాజ సేవా పనులకు వాడాలని కాలేజీలకు నియమం ఉంది. దాన్ని పైకప్పులా చూసే కాలేజీలు ఉన్నాయి. అసలు అది గచ్చు మాత్రమే. మిగతా డబ్బులో పెద్ద భాగం లైబ్రరీ కౌంటర్లకు, క్యాంపస్ ఆఫీసులకు పోతుంది. అవి కూడా అవసరమైన పనులే. కానీ క్యాంపస్‌లో పని చేయించుకుంటే ఒప్పందాలు, తనిఖీలు అక్కర్లేదు. బయటి సంస్థతో అయితే కాలేజీ రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఆ పనివల్ల ఉన్న ఉద్యోగి ఉపాధి పోవడం లేదని చూసుకోవాలి, గంటల లెక్కలు తెప్పించుకోవాలి. ఈ బాధ పడలేక కాలేజీలు దగ్గరి దారి పడతాయి.

వేసవికి వచ్చేసరికి ఇంకో చిక్కు. ఈ పథకానికి సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అంటే పది వారాల ఇంటర్న్‌షిప్ సగం పాత ఏడాదిలో, సగం కొత్త ఏడాదిలో పడుతుంది. జూన్ వచ్చేసరికి పాత ఏడాది నిధి చాలాచోట్ల అయిపోయి ఉంటుంది. చట్టం దీన్ని ముందే ఊహించింది. మే 1 నుంచి జూన్ 30 మధ్య చేసిన పనికి వచ్చే ఏడాది కేటాయింపు నుంచి ముందుగా వాడుకోవచ్చు. వేసవిలో క్లాసులు తీసుకోని విద్యార్థి కూడా, తర్వాతి సెమిస్టర్‌లో చేరబోతుంటే, పని చేయవచ్చు. ఆ సంపాదన రాబోయే చదువు ఖర్చులకు లెక్కలోకి వస్తుంది. తర్వాతి ఏళ్ల ఆర్థిక సాయం లెక్కలో వర్క్-స్టడీ సంపాదనను విద్యార్థి ఆదాయంగా పట్టుకోరు. దుకాణంలో సంపాదిస్తే ఆ మినహాయింపు లేదు. ఈ నాలుగు నియమాలూ ఎప్పటినుంచో పుస్తకంలో ఉన్నాయి. వాటిని కలిపి ఒక వేసవి పథకంగా మార్చే ఓపిక ఆర్థిక సాయం ఆఫీసుకు ఉండాలి, అంతే.

పథకం లోపం దాని పంపకంలో ఉంది. ఏ కాలేజీకి ఎంత అన్నది పాత కేటాయింపుల ఆధారంగా చాలావరకు నడుస్తూ వచ్చింది. అందువల్ల ఎప్పటినుంచో ఇందులో ఉన్న పాత కాలేజీలకు పెద్ద వాటా, పేద విద్యార్థులు ఎక్కువగా చదివే కమ్యూనిటీ కాలేజీలకు చిన్న వాటా దక్కుతోంది. 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం ఇచ్చిన బడ్జెట్ ప్రతిపాదనలో ఈ పథకానికి 98 కోట్ల డాలర్లు కోయాలని ఉంది. పంపకం సరిగా లేదన్న విమర్శ నిజమే. పంపకం సరిచేయడానికి మార్గం పంపకం మార్చడమే. కుండనే పగలగొడితే నీళ్లు ఎవరికీ దక్కవు.

ప్రభుత్వ డబ్బుకు ఉండే అసలు గండం 2025 ఏప్రిల్‌లో అమెరికోర్ విషయంలో బయటపడింది. 1993 చట్టంతో ఏర్పడిన ఆ సేవా వ్యవస్థలో దాదాపు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేశారు. చాలా రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి, జూన్‌లో వాటికి ఊరట దొరికింది. ఈలోగా సంస్థలు మనుషులను ఇంటికి పంపేశాయి. వేసవికి ముందు ఇన్ని వారాల గందరగోళం అంటే ఆ వేసవి పోయినట్టే. ఒకే దారి మీద ఆధారపడిన సంస్థకు ఇది గట్టి దెబ్బ.

విదేశీ విద్యార్థుల సంగతి

ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థులకు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది, ఈ దారుల్లో కొన్ని మూసి ఉంటాయి. వర్క్-స్టడీ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసుల వంటి కొన్ని వర్గాలకే. క్యాంపస్ బయట జీతానికి ఇంటర్న్‌షిప్ చేయాలంటే మామూలుగా సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చే) అనుమతి కావాలి. అది చదువులో విడదీయరాని భాగమై ఉండాలి, ఫలానా సంస్థ పేరు మీదే రావాలి, సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయి ఉండాలి. అనుమతి కోసం వేసవిలో ఒక క్రెడిట్ కోర్సులో చేరాల్సి వస్తే దానికి ఫీజు వేరే. స్టైపెండ్‌లో కొంత అలా ఫీజుకే పోతుంది. ఏడాది మొత్తం పూర్తికాలం సీపీటీ వాడితే ఓపీటీ (మామూలుగా చదువు అయ్యాక అమెరికాలో కొంతకాలం పని చేసే అనుమతి) అర్హత పోతుంది. పది వారాల వేసవితో ఆ ప్రమాదం లేదు.

జీతం తీసుకోవడం లేదు కదా, అనుమతి ఎందుకు అని కొందరు అనుకుంటారు. అది ప్రమాదకరమైన ఆలోచన. మామూలుగా జీతం ఇచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినంత మాత్రాన అది వాలంటీర్ పని అయిపోదు. సంస్థలో చేరకముందే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

పన్ను మాట కూడా ముందే తెలియాలి. అద్దెకు, తిండికి ఇచ్చే ఫెలోషిప్ డబ్బు మీద ఎవరికైనా ఆదాయపు పన్ను లెక్క ఉంటుంది. అమెరికా విద్యార్థికి కాలేజీ ఏమీ పట్టుకోకుండా మొత్తం ఇచ్చేస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో పన్ను కట్టే రోజున ఉలిక్కిపడతాడు. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయిన ఎఫ్-1 విద్యార్థి దగ్గర మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. అంటే 4,000 డాలర్ల స్టైపెండ్‌లో చేతికొచ్చేది 3,440. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలు ఇస్తుంది. మరుసటి ఏడాది రిటర్న్ వేస్తే చాలామందికి ఆ డబ్బు తిరిగి వస్తుంది. అయితే జూన్ అద్దెకు అది పనికిరాదు.

జీతం వచ్చింది, పని చెప్పేదెవరు?

నిధి దొరికాక కూడా మిగిలే ఖర్చు ఒకటుంది. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. పిల్లలతో పని చేసే ఒక చిన్న సంస్థలో మొదటి సోమవారం ఎలా ఉంటుందో చూడండి. ఇంటర్న్ తొమ్మిదింటికి వచ్చింది. డైరెక్టర్ ఫోన్‌లో ఉంది, దాతతో. కూర్చోవడానికి కుర్చీ ఉంది, కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేదు, అది ఇచ్చే వాలంటీర్ గురువారం వస్తాడు. వేలిముద్రల తనిఖీ పూర్తికానిదే పిల్లల గదిలోకి పంపకూడదు. ఆ కాగితం ఈరోజే మొదలుపెడితే రెండు వారాలు పట్టవచ్చు. అందాకా కవర్లు అంటించే పని ఇస్తారు. పది వారాల్లో రెండు వారాలు అక్కడే అయిపోయాయి. డైరెక్టర్‌కు పట్టింపు లేక ఇలా జరగలేదు. ఆమె ఒక్కతే నాలుగు ఉద్యోగాలు చేస్తోంది.

వారానికి ఐదు గంటలు ఇంటర్న్‌కు కేటాయిస్తే వేసవిలో 50 గంటలు. ఆ 50 గంటల జీతం కూడా గ్రాంటులో ఉండాలి. వెయ్యి రెండు వేల డాలర్ల మాట. విద్యార్థికి 6,000 ఇచ్చి పర్యవేక్షణకు సున్నా పెట్టిన పథకం, ఆ 6,000ను కవర్లు అంటించడానికి ఖర్చు చేస్తున్నట్టు. ఇంటర్న్‌ల సంఖ్య పదిలో ఒకటి రెండు తగ్గినా పరవాలేదు, మిగిలినవారి పై మనిషికి ఆ సమయం కొనివ్వడం మేలు. దాతలకు ఇది నచ్చదు, ఎందుకంటే రిపోర్టులో తల లెక్క తగ్గుతుంది. అయినా గట్టిగా అడగాల్సిందే. మే నెలలోనే వేలిముద్రల కాగితం పంపేసే మనిషి సంస్థలో ఉంటే, మొదటి సోమవారమే ఆ అమ్మాయి పిల్లల పక్కన కూర్చుని ఉండేది.

ఏ తేదీన ఇస్తారు?

చివరికి మిగిలేది క్యాలెండరు. చాలా పథకాలు స్టైపెండ్‌ను రెండు ముక్కలు చేస్తాయి. మొదటిది పని మొదలయ్యాక కొన్ని వారాలకు, రెండోది ఆఖరి రిపోర్టు ఇచ్చాక. ఇంటి నుంచి సర్దుబాటు చేసుకోగలిగినవారికి ఇందులో ఇబ్బంది లేదు. లేనివారికి మాత్రం ఇది గుమ్మం దగ్గరే అడ్డుకర్ర. గది ఇచ్చేవారు జూన్ 1న మొదటి నెల అద్దె, దానికి తోడు డిపాజిట్ అడుగుతారు. పై లెక్కలోని అమ్మాయికి అవి రెండూ కలిపి 1,600 డాలర్లు. స్టైపెండ్ మొదటి ముక్క జూన్ 20న వస్తుంది. ఆ మధ్య ఇరవై రోజులకు ఆమె క్రెడిట్ కార్డు గీకాలి, లేదా ఇంటర్న్‌షిప్ వదులుకోవాలి.

కాలేజీ గ్రాంటు అయితే మే 15లోపు మూడింట రెండు వంతులు విద్యార్థి ఖాతాలో వేయడానికి అడ్డేమీ లేదు. మధ్యలో మానేస్తారన్న భయముంటే మిగిలిన వంతును ఆపుకోవచ్చు. జీతం రూపంలో వచ్చే డబ్బును పని చేయకముందు ఇవ్వలేరు కాబట్టి అక్కడ వెయ్యి డాలర్ల చేబదులు నిధి పెట్టి, ఆఖరి మూడు జీతాల్లో కోసుకోవచ్చు. ఖాళీగా ఉన్న హాస్టల్ గదుల్లో కొన్నిటిని సేవా ఇంటర్న్‌ల కోసం ఆ పది వారాలూ తెరిచి ఉంచినా సరే. అలా ఉంచితే అమ్మాయి లెక్కలో 2,000 డాలర్ల గది వరుసే చెరిగిపోతుంది, జూన్ 1న 1,600 వెతుక్కోవాల్సిన అవసరమూ ఉండదు.